బరువు పెరగలేదు, ఆప్నియా మాత్రం పెరిగింది: గొంతు కండరాలు నేర్పిన ఒక కేసు

స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి పదేపదే ఆగే జబ్బు, అనగానే మన ఆలోచనంతా గొంతు దారి ఎంత ఇరుకుగా ఉందన్న దాని మీదికే పోతుంది. మెడ లావుగా ఉండటం, దవడ వెనక్కి ఉండటం, టాన్సిల్స్ పెద్దగా ఉండటం, నాలుకలో కొవ్వు పేరుకోవడం, ఇవన్నీ దారిని ఇరుకు చేస్తాయి. అందులో తప్పేమీ లేదు. కానీ నిద్రలో ఆ దారిని తెరిచి పట్టుకోవాల్సింది కండరాలే. ఏళ్ల తరబడి ఆప్నియా సాగితే ఆ కండరాలే దెబ్బతింటాయని, అప్పుడు చికిత్సను ఏ వరసలో చేయాలన్నది కూడా ముఖ్యమవుతుందని ఈ కేసు చూపించింది. అందుకే రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. రాయడానికి ఆయన ఒప్పుకున్నారు.

నేపథ్యం

ఆయనకు యాభై దాటాయి. గురక ముప్పైల నుంచే ఉంది. నలభైల్లో నిద్రలో ఊపిరి ఆగుతోందని భార్య గమనించి పట్టుబడితే స్లీప్ స్టడీ చేయించుకున్నారు. ఏహెచ్ఐ 24 వచ్చింది. అంటే గంటకు సగటున 24 సార్లు శ్వాస పూర్తిగా ఆగడమో, బాగా తగ్గడమో జరుగుతోందన్నమాట. కనీసం 10 సెకన్లు సాగితేనే లెక్కలోకి తీసుకుంటాం. పెద్దవాళ్లలో 5 లోపు మామూలు, 15 దాకా స్వల్పం, 30 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం.

అప్పట్లో ఆయన ఆపరేషన్ వైపు మొగ్గారు. కొండనాలుక, మెత్తటి అంగిలి అంచు, టాన్సిల్స్ తీసేసి గొంతు వెనక భాగాన్ని వెడల్పు చేసే ఆపరేషన్ అది. ఆప్నియా కోసం దీన్ని 1981లో ఫుజిటా బృందం ప్రచురించింది. గాలి ఒత్తిడితో గొంతు మూసుకోకుండా చూసే సీపాప్‌ను కొలిన్ సలివన్ బృందం ఆస్ట్రేలియా నుంచి ప్రచురించిందీ అదే ఏడాది. ఎవరికి పనికొస్తుందో ముందే చూసుకోకుండా ఆ ఆపరేషన్ చేస్తే సగం మందికి కూడా ఆశించిన ఫలితం రాదని తర్వాతి ఏళ్లలో తెలిసింది.

ఈయనకు ఆపరేషన్ తర్వాత గురక బాగా తగ్గింది. గురక తగ్గిందంటే జబ్బూ తగ్గినట్టే అనుకున్నారు గనుక మళ్లీ పరీక్ష జరగలేదు. రెండేళ్లు తిరగకుండానే గురక మళ్లీ వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్లకు సీపాప్ ఇచ్చారు. గంటన్నరకు మించి ముఖాన ఉంచుకోలేక పక్కన పెట్టేశారు. బీపీకి రెండు మందులు వాడుతున్నారు. నిద్ర సరిగా పట్టడం లేదని చాలాకాలంగా రాత్రిపూట ఒక బెంజోడయజెపిన్ మాత్ర కూడా వేసుకుంటున్నారు. మద్యం, పొగ అలవాట్లు లేవు.

ఏ ఇబ్బందితో వచ్చారంటే

"డాక్టర్ గారూ, గురక సంగతి తర్వాత చూద్దాం. మంచినీళ్లు తాగితే పొలమారుతోంది. మాత్ర వేసుకుంటే గొంతులోనే నిలబడిపోతోంది. దీనికేదైనా చెప్పండి" అన్నారు. రాత్రి ఊపిరి ఆగడం గురించి చెప్పింది ఆయన భార్య. పొద్దున తలనొప్పి, మధ్యాహ్నం కూర్చున్న చోటే కునుకు. పగటి మగతను కొలిచే ఎప్‌వర్త్ స్కోరు 24కి 15.

ఆప్నియా రోగులు మింగడంలో ఇబ్బందిని తమంతట తాముగా చెప్పడం అరుదు. అడిగితే మాత్రం కొందరు "అవును, అప్పుడప్పుడు" అంటారు. ఈయన విషయంలో అదే ప్రధాన ఫిర్యాదు కావడంతో ఇది కేవలం దారి ఇరుకు వ్యవహారం కాకపోవచ్చని మొదట్లోనే అనిపించింది.

కొత్త స్లీప్ స్టడీలో ఏహెచ్ఐ 46. ఆక్సిజన్ 71 శాతం దాకా పడిపోయింది. బరువు చూస్తే, తొలి పరీక్ష నాటికీ ఇప్పటికీ కిలో తేడా కూడా లేదు. బీఎంఐ 29 దగ్గరే ఉంది. ఆపరేషన్‌తో దారి వెడల్పయింది. బరువు పెరగలేదు. మరి జబ్బు ఎందుకు ముదిరింది? ఈ కేసంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

ముందు లెక్క సరిచూసుకోవడం

జబ్బు నిజంగా పెరిగిందా, లేక కొలిచే పద్ధతి మారిందా అన్నది తేలకుండా కారణాలు వెతకడం వృథా. ఒక రాత్రికీ ఇంకో రాత్రికీ ఏహెచ్ఐ మారుతుంది. వెల్లకిలా ఎక్కువసేపు పడుకుంటే పెరుగుతుంది. పైగా 2012లో అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ స్కోరింగ్ నిబంధనలు మార్చింది. శ్వాస పాక్షికంగా తగ్గినప్పుడు ఆక్సిజన్ 3 శాతం పడినా, ఆక్సిజన్ పడకుండా మెదడు మేలుకున్నా లెక్కించమని సిఫార్సు చేసింది. పాత రిపోర్టును 4 శాతం పడితేనే లెక్కించే పద్ధతిలో చేశారు. కొత్త పరీక్షను కూడా ఆ పాత పద్ధతిలో మళ్లీ స్కోర్ చేయించాను. 46 కాస్తా 39కి దిగింది. వెల్లకిలా పడుకున్న సమయం రెండు రాత్రులూ దాదాపు ఒకటే. అంటే పోలిక 24కీ 46కీ మధ్య కాదు, 24కీ 39కీ మధ్య. అయినా అది చిన్న తేడా కాదు.

తర్వాత సులభంగా దొరికే కారణాలు వెతికాను. థైరాయిడ్ మామూలుగా ఉంది. చేతులు, ముఖం, దవడలో ఎక్రోమెగలీ (ఎదుగుదల హార్మోన్ ఎక్కువై వచ్చే జబ్బు) ఛాయలు లేవు. బెంజోడయజెపిన్ గొంతు కండరాల బిగువు తగ్గించగలదు, ఊపిరి ఆగినప్పుడు మేలుకునే స్పందనను మందగించేలా చేయగలదు. అందుకే దాన్ని ఒక్కసారిగా కాకుండా నెమ్మదిగా తగ్గిస్తూ ఆపాలని నిర్ణయించాం. కానీ పగలు, పూర్తి మెలకువలో నీళ్లు తాగితే పొలమారడాన్ని రాత్రి మాత్ర ఒక్కటే వివరించలేదు.

నాలుక, గొంతు బలహీనపడ్డాయంటే నరాల, కండరాల జబ్బులు గుర్తుకు రావాలి. మోటార్ న్యూరాన్ జబ్బు, మయోటోనిక్ డిస్ట్రోఫీ, మయాస్తీనియా, ఇవి మిస్సయితే నష్టం పెద్దది. చేతులూ కాళ్లలో బలం బాగుంది. పిడికిలి బిగించి వెంటనే తెరవగలుగుతున్నారు. విశ్రాంతిగా ఉన్న నాలుకలో అదురు లేదు. రక్తంలో సీకే (కండరం దెబ్బతింటే పెరిగే ఎంజైమ్) మామూలుగా ఉంది. న్యూరాలజిస్టు కూడా చూసి, ఒళ్లంతా పాకిన నరాల జబ్బు లక్షణాలు లేవన్నారు.

గొంతును దగ్గరగా చూస్తే

నాలుక అంచుల మీద పళ్ల గుర్తులు ఉన్నాయి. చిన్న గాలి బుడగను నాలుకతో అంగిలికి నొక్కించి బలం కొలిచే పరికరంతో చూస్తే 34 కిలోపాస్కల్స్ వచ్చింది. ఆయన వయసుకు ఇది తక్కువ. ఒకసారి నొక్కినదాని కంటే, కొన్ని క్షణాలు నొక్కి పట్టుకోమన్నప్పుడు బలహీనత ఇంకా తెలిసిపోయింది. అంగిలి మీద మెల్లగా తాకితే స్పర్శ మందంగా ఉంది. ఆపరేషన్ మచ్చ ఉన్న చోటే కాదు, కత్తి పడని భాగంలో కూడా.

ముక్కులోంచి సన్నని ఎండోస్కోప్ పంపి మింగడాన్ని గమనించాం. గుటక మొదలవకముందే నీళ్లు నాలుక వెనక నుంచి జారిపోతున్నాయి. మింగాక కూడా నాలుక మొదట్లోని గుంటల్లో కొంత మిగులుతోంది. ఒకసారి స్వరపేటిక ముఖద్వారం దాకా వెళ్లింది గానీ కిందికి దిగలేదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. అంగిలి ఆపరేషన్ తర్వాత కూడా మింగడంలో తేడా రావచ్చు. ఇదంతా ఆపరేషన్ పనేనా, లేక ఆప్నియా వల్ల జరిగిన నష్టమా? మచ్చ పడిన అంగిలిని ఎంత పరీక్షించినా దీనికి జవాబు దొరకదు. ఆపరేషన్ తాకని కండరాన్ని చూడాలి. అదే జీనియోగ్లోసస్, దవడ లోపలి నుంచి విసనకర్రలా నాలుకలోకి విప్పారి, నాలుకను ముందుకు లాగి గొంతు తెరిచి ఉంచే ప్రధాన కండరం. దీన్ని నడిపేది పన్నెండో కపాల నరం, హైపోగ్లోసల్. ఆయనకు జరిగిన ఆపరేషన్‌లో ఈ నరం జోలికి గానీ ఈ కండరం జోలికి గానీ వెళ్లలేదు.

అందుకే న్యూరాలజిస్టును అడిగి జీనియోగ్లోసస్‌కు సూది ఈఎంజీ, అంటే సన్నని సూదితో కండరంలోని విద్యుత్ తరంగాలు చూసే పరీక్ష, చేయించాను. రెండు వైపులా మోటార్ యూనిట్ల (ఒక నర కణం, అది నడిపే కండర పోగులు) తరంగాలు మామూలు కంటే పెద్దగా, ఎక్కువసేపు సాగేవిగా ఉన్నాయి. చేతులూ కాళ్లలో అలా లేదు. దీని అర్థం ఏమిటంటే, కొన్ని కండర పోగులు తమ నరపు కొమ్మను కోల్పోయాయి, పక్కనున్న నరం కొత్త కొమ్మలు వేసి వాటిని తన కిందికి తీసుకుంది. అది ఒక్క రాత్రిలో జరిగేది కాదు. చాలాకాలంగా సాగిన నష్టం, దాని వెంటే సాగిన మరమ్మతు, రెండూ ఆ తరంగాల్లో ఉన్నాయి.

ఆ కండరంలో ఏం జరుగుతుంది

దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తర్వాతి నిర్ణయాలన్నీ దీని మీదే ఆధారపడ్డాయి.

ఆప్నియా ఉన్నవాళ్లు మేలుకుని ఉన్నప్పుడు వాళ్ల జీనియోగ్లోసస్ మిగతావాళ్ల కంటే ఎక్కువ పని చేస్తుందని 1992లో ఈఎంజీ కొలతలతో చూపించారు. దారి ఇరుకు కాబట్టి కండరం అదనంగా శ్రమించి దాన్ని నిలబెడుతోంది. నిద్ర పట్టగానే ఆ అదనపు శ్రమ సడలిపోతుంది, గొంతు మూసుకుంటుంది. ఆక్సిజన్ పడుతుంది. మెదడు ఉలిక్కిపడి లేస్తుంది, కండరం గట్టిగా బిగుసుకుని దారి తెరుస్తుంది, ఆక్సిజన్ మళ్లీ ఎగబాకుతుంది. ఈయన విషయంలో ఇది గంటకు నలభై సార్లకు పైగా జరుగుతోంది.

కండర కణానికి ఆక్సిజన్ తగ్గడం ఒక దెబ్బ, తగ్గిన చోటికి అది ఒక్కసారిగా తిరిగి రావడం ఇంకో దెబ్బ. అలా తిరిగి వచ్చినప్పుడు కణానికి శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలో హానికరమైన ఆక్సిజన్ రాడికల్స్ ఎక్కువగా పుడతాయి. కణాన్ని కాపాడే బీసీఎల్-2 రకం ప్రొటీన్ల కంటే చావు వైపు నెట్టే బాక్స్ రకం ప్రొటీన్ల బలం పెరిగితే మైటోకాండ్రియా పైపొర చిల్లులు పడుతుంది. లోపలుండాల్సిన సైటోక్రోమ్ సి బయటికి వస్తుంది. అది కాస్పేస్-9ను, ఆపై కాస్పేస్-3ను మేల్కొలుపుతుంది. కాస్పేస్‌లు కణంలోని ప్రొటీన్లను కత్తిరిస్తూ పోతాయి, డీఎన్ఏ ముక్కలవుతుంది. కణం పగిలిపోకుండా, క్రమపద్ధతిలో తనను తాను విప్పేసుకునే ఈ చావునే అపాప్టోసిస్ అంటాం. ఆక్సిజన్ ఇలా పదేపదే తగ్గుతూ పెరుగుతూ ఉండే గదుల్లో ఎలుకలను వారాల తరబడి ఉంచిన ప్రయోగాల్లో జీనియోగ్లోసస్‌లో మైటోకాండ్రియా దెబ్బతినడం, అపాప్టోసిస్ గుర్తులు పెరగడం కనిపించాయి.

ఆక్సిజన్ ఒక్కటే కాదు. గురక అంటే అంగిలి గంటల తరబడి అదరడం, ఆ అదురు సన్నని నరపు కొసలను దెబ్బతీయగలదు. మూసుకున్న గొంతులో ఛాతీ గట్టిగా లాగినప్పుడు పుట్టే పీడనం, బిగుసుకోబోతున్న కండరాన్ని అదే క్షణంలో సాగదీస్తుంది. సాగుతూ బిగుసుకునే కండరం మామూలుగా పనిచేసే కండరం కంటే త్వరగా గాయపడుతుంది. గురక, ఆప్నియా ఉన్నవాళ్ల అంగిలి కండరాలను సూక్ష్మదర్శిని కింద చూసిన స్వీడన్ పరిశోధకులు 1990లలోనే నరాలు దెబ్బతిన్న గుర్తులను వర్ణించారు. తర్వాత కెనడాలో జరిగిన పనిలో దానికి తోడు ఇన్‌ఫ్లమేషన్ (కణజాలపు వాపు) కూడా కనిపించింది. నరం పోయిన కండర పోగు సన్నబడుతుంది, దానిలోని కేంద్రకాలు అపాప్టోసిస్‌కు గురవుతాయి. అంటే కణం నేరుగా ఆక్సిజన్ దెబ్బకు చావొచ్చు, నరం పోయినందుకూ చావొచ్చు.

వైద్యానికి పనికొచ్చే సంగతి ఇందులో ఒకటుంది. ఒక్కో కండర పోగులో వందల కేంద్రకాలు ఉంటాయి. కొన్ని పోయినంత మాత్రాన పోగు మొత్తం మాయం కాదు, సన్నబడుతుంది, త్వరగా అలిసిపోతుంది. పక్కనే శాటిలైట్ కణాలు ఉంటాయి, అవి కొత్త కేంద్రకాలను అందించగలవు. దెబ్బ ఆగితే కోలుకునే వీలుంది. స్పెయిన్ పరిశోధకులు 1999లో ప్రచురించిన పనిలో, ఆప్నియా రోగుల జీనియోగ్లోసస్ త్వరగా అలిసిపోతోందని, వేగంగా పనిచేసే రెండో రకం పోగులు అందులో ఎక్కువగా ఉన్నాయని, సీపాప్ వాడుతున్నవాళ్లలో ఆ తేడా కనిపించలేదని చూపించారు.

మరి ఈయన కండరంలో కణాలు చచ్చిపోయాయా? నేను చూడలేదు. ఈఎంజీ నరం గురించి చెప్పింది, కణం గురించి కాదు. సీకే మామూలుగా ఉండటం కూడా ఏదీ తేల్చదు. కణం పగిలి చస్తే సీకే రక్తంలోకి కారుతుంది, అపాప్టోసిస్‌లో పొర పగలదు. పైగా నాలుక చిన్న కండరం. బయాప్సీ తీస్తే తెలిసేది. దాని గురించి గట్టిగానే ఆలోచించి వద్దనుకున్నాను. ఫలితం ఎలా వచ్చినా చికిత్స మారదు. ఇంత తీవ్రమైన ఆప్నియాలో నాలుకలో రక్తస్రావం, వాపు వస్తే ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి నాకున్నది అనుమానమే, అయితే ఆపరేషన్ తాకని కండరంలో కనిపించిన నరాల నష్టం దానికి బలమైన ఆధారం.

ముందుగా చేసినవి, పనిచేయనివి

సీపాప్ పేరు ఎత్తితేనే ఆయనకు టెన్షన్. "అది తప్ప ఇంకేదైనా చెప్పండి, చేస్తాను" అన్నారు. ఇంట్లో మూలన పడి ఉండే మిషన్ కంటే రోజూ వాడే చిన్న పరికరం మేలన్న ఆలోచనతో, కింది దవడను ముందుకు పట్టి ఉంచే నోటి పరికరం చేయించాం. పళ్లు గట్టిగా ఉన్నాయి, దవడ కీలు బాగుంది. ఇది కండరాల బలం మీద ఆధారపడకుండా ఎముకను కదిపి దారి తెరుస్తుంది కాబట్టి ఈయనకు తగినదే అనిపించింది.

దాంతోపాటు నాలుక, గొంతు వ్యాయామాలూ ఆయనే అడిగి మొదలుపెట్టారు. ఈ వ్యాయామాలకు ఆధారం ఉంది. బ్రెజిల్‌లో 2009లో ప్రచురించిన ఒక ట్రయల్‌లో మధ్యస్థ ఆప్నియా ఉన్న 31 మందిని తీసుకున్నారు. మూడు నెలలు వ్యాయామాలు చేసినవాళ్ల సగటు ఏహెచ్ఐ 22.4 నుంచి 13.7కి తగ్గింది. కానీ వాళ్లెవరిదీ ఈయనంత తీవ్రమైన జబ్బు కాదు. ఆ సంగతి ఆయనకు ముందే చెప్పాను.

కొన్ని నెలల తర్వాత పరికరం పెట్టుకుని చేసిన పరీక్షలో ఏహెచ్ఐ 31, ఆక్సిజన్ కనిష్ఠం 78. మెరుగే గానీ అక్కడ ఆగిపోవడానికి వీల్లేదు. మత్తులో నిద్రపుచ్చి ఎండోస్కోపీ చేస్తే కారణం కనిపించింది. నాలుక మొదలు ముందుకు వస్తోంది, కానీ మచ్చ పడిన అంగిలి దగ్గర గొంతు చుట్టూ ఒకేసారి కుంచించుకుపోతోంది. దవడను లాగితే ఆ చోటు తెరుచుకోవడం లేదు.

వ్యాయామాల ఫలితం నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. ఆయన బద్ధకించలేదు, థెరపిస్టు దగ్గర రికార్డు ఉంది. అయినా నాలుక బలం 34 నుంచి 35 దగ్గరే ఉండిపోయింది. "పొద్దున చేస్తే బాగానే వస్తోందండీ, సాయంత్రానికి నాలుక మొద్దుబారినట్టు ఉంటోంది" అన్నారు. పగలంతా ఇప్పటికే అదనంగా శ్రమిస్తున్న కండరం అది, రాత్రి ప్రతి గంటా గాయపడుతోంది. దాని మీద ఇంకా బరువు పెట్టి బలపడమంటున్నాం. ఎముక విరిగిన కాలితో పరుగు సాధన చేయించడం లాంటిది ఇది అనిపించింది. వ్యాయామం మంచిదే, సమయం సరైనది కాదు. దాన్ని అక్కడికి ఆపించాను.

నోటి పరికరం ఒక్కటే సరిపోదని తేలాక సీపాప్ గురించి మళ్లీ మాట్లాడుకున్నాం. ఈసారి మిషన్ ఇచ్చే ముందు, పాత మిషన్ ఎందుకు మానేశారో తెలుసుకోవాలనుకున్నాను. దాని కార్డులోని డేటా చూస్తే గాలి లీకు విపరీతంగా ఉంది. మెత్తటి అంగిలి మామూలుగా నాలుక వెనక భాగానికి ఆనుకుని నోటిని మూస్తుంది. ఆపరేషన్‌లో ఆ అంచు పోతే ముక్కులోంచి వచ్చిన గాలి నోట్లోంచి బయటికి పోతుంది. ఆయన "గాలి నోట్లోకి కొడుతోంది, ఊపిరాడటం లేదు" అని అప్పట్లో చెప్పిన మాటకు అర్థం ఇదే. ఒత్తిడిని తనే మార్చుకునే ఆటో మిషన్ అది, లీకును, గొంతు మూసుకోవడాన్ని సరిగా వేరు చేయలేక ఒత్తిడి పెంచుకుంటూ పోయింది.

లీకుకు జవాబుగా ముక్కూ నోరూ కప్పే పెద్ద మాస్కు పెట్టి చూశాం. లీకు తగ్గింది. కానీ అలాంటి మాస్కు కొందరిలో కింది దవడను వెనక్కి నెడుతుంది, దాంతో నాలుక ఇంకా వెనక్కి పోతుంది. ఈయనకు అదే జరిగింది. ఒత్తిడి 15 సెంటీమీటర్ల నీటి పీడనం దాకా పెంచినా ఏహెచ్ఐ 14 దగ్గర నిలిచింది. పొట్టలోకి గాలి పోయి ఉబ్బరం. వాడకం మళ్లీ తగ్గుముఖం పట్టింది.

పనిచేసింది

ఒంటరిగా పనిచేయని రెండింటిని కలిపి పెట్టడం ఇక్కడ దారి చూపింది. నోటి పరికరం దవడను ముందుకు పట్టి ఉంచుతుంది, పళ్ల మధ్య కూర్చుని నోరు తెరుచుకోకుండా కూడా ఆపుతుంది. నాలుక మొదలు దాని పని. అంగిలి దగ్గర కుంచించుకుపోయే చోటును గాలి ఒత్తిడి చూసుకుంటుంది. రెండూ కలిస్తే తక్కువ ఒత్తిడి చాలవచ్చని, తక్కువ ఒత్తిడికి ముక్కు మాస్కు సరిపోవచ్చని లెక్క వేశాను. ల్యాబ్‌లో ఒక రాత్రి టెక్నీషియన్ పక్కనుండి ఒత్తిడిని మెల్లమెల్లగా పెంచుతూ చూస్తే 10 దగ్గర గొంతు తెరుచుకుంది. ఆటో వద్దని ఆ ఒత్తిడినే స్థిరంగా పెట్టాం. ముక్కు దిబ్బడకు స్ప్రే ఇచ్చాం. పక్కకు తిరిగి పడుకోవడం అలవాటు చేసుకున్నారు. అప్పటికి నిద్రమాత్ర పూర్తిగా మానేశారు.

వాడకం నెమ్మదిగా పెరిగి రాత్రికి ఆరు గంటలు దాటింది. మిషన్ మీద ఏహెచ్ఐ 5 లోపు. తలనొప్పి మొదట పోయింది. ఎప్‌వర్త్ 7కి వచ్చింది. మింగడం మాత్రం వెంటనే మారలేదు. మారదని ముందే అనుకున్నాను, ఎందుకంటే నరపు కొమ్మలు మళ్లీ మొలవాలన్నా, సన్నబడిన పోగులు నిండాలన్నా నెలలు పడుతుంది. ఈ మాట ఆయనకు ముందే చెప్పి ఉండటం చాలా ఉపయోగపడింది. లేకపోతే "మిషన్ పెట్టినా పొలమారుతూనే ఉంది" అని వదిలేసేవారు.

గాలి చికిత్స స్థిరపడి మూడు నెలలు దాటాక వ్యాయామాలు మళ్లీ మొదలుపెట్టించాను. స్పీచ్ థెరపిస్టు మింగే పద్ధతులూ నేర్పారు. గడ్డం కొంచెం కిందికి వంచి నీళ్లు తాగడం, గుటక గట్టిగా వేయడం, నాలుకతో అంగిలిని నొక్కి పట్టడం. నొక్కే బరువు తక్కువతో మొదలుపెట్టి, అలసట కనిపించిన రోజు తగ్గించారు. ముందు గాయం ఆపి తర్వాత బరువు పెట్టాలన్న ఈ వరసకు ట్రయల్ ఆధారం చూపలేను. కండరం గాయపడే తీరు చూసి నేను తీసుకున్న నిర్ణయం ఇది.

ఈసారి నాలుక బలం కదిలింది. ఏడాది చివరికి 47 కిలోపాస్కల్స్. ఎండోస్కోపీలో నీళ్లు ముందే జారడం బాగా తగ్గింది, గుంటల్లో మిగలడం కొంత ఉంది. మచ్చ లేని అంగిలి భాగంలో స్పర్శ మెరుగైంది, మచ్చ ఉన్న చోట కాలేదు. పెద్ద మాత్రలు ఇప్పటికీ అప్పుడప్పుడు నిలుస్తాయి.

హైపోగ్లోసల్ నరాన్ని ప్రేరేపించే పరికరం గురించి ఆయన కుటుంబం అడిగింది. న్యాయమైన ప్రశ్నే. 2014లో అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దానికి అనుమతి ఇచ్చింది. అదే ఏడాది ప్రచురించిన స్టార్ ట్రయల్‌లో 126 మందిలో మధ్యగత ఏహెచ్ఐ ఏడాదికి 29.3 నుంచి 9.0కి తగ్గింది. కానీ అంగిలి దగ్గర చుట్టూ ఒకేసారి కుంచించుకుపోయేవాళ్లను ఆ ట్రయల్‌లోకి తీసుకోలేదు. ఈయనకు ఉన్నది సరిగ్గా అదే. ఇంకో సంగతి, ఆ పరికరం నరానికి సంకేతం ఇస్తుంది, లాగాల్సింది కండరమే. నరమూ కండరమూ రెండూ దెబ్బతిన్న చోట ఎంత లాగుతుందో ముందే చెప్పలేం. వద్దన్నాను.

దీనివల్ల మారినవి

ఆప్నియాకు ఆపరేషన్ జరిగిన ప్రతి రోగికీ, గురక పూర్తిగా పోయినా సరే, స్లీప్ స్టడీ మళ్లీ చేయమని గట్టిగా చెబుతున్నాను. శబ్దం పోయి ఊపిరి ఆగడం మిగలొచ్చు. ఆ మౌనంలో గడిచే ఏళ్లలోనే కండరం పాడవుతుంది.

మింగడం గురించి ప్రతి ఆప్నియా రోగినీ అడుగుతున్నాను. రెండు నిమిషాల పని. బరువు మారకుండా ఏహెచ్ఐ పెరిగితే ముందు స్కోరింగ్ నిబంధన, పడుకున్న తీరు పోల్చుకుని, తర్వాత నాలుక బలం కొలుస్తున్నాను. అందరికీ ఈఎంజీ అక్కర్లేదు. నరాల జబ్బు అనుమానం ఉన్నప్పుడో, ఈయనలా ఆపరేషన్‌నూ జబ్బునూ వేరుచేసి చూడాల్సి వచ్చినప్పుడో చేస్తే సరిపోతుంది. సీపాప్ మానేసినవాళ్లను "వాడలేదు" అని రాసి వదిలేయకుండా కార్డు డేటా తెరిచి లీకు చూస్తున్నాను, ముఖ్యంగా అంగిలి ఆపరేషన్ అయినవాళ్లలో.

ఫలితాన్ని ఉన్నదానికంటే పెద్దగా చూపడం నాకు ఇష్టం లేదు. ఆ ఏడాదిలో ఆయన నాలుగు కిలోలు తగ్గారు. బరువు తగ్గితే నాలుకలోని కొవ్వు కూడా తగ్గుతుంది, దానివల్ల గొంతు దారి పెరుగుతుంది. నిద్రమాత్ర ఆగింది. కాబట్టి మెరుగైనదంతా కండరం కోలుకోవడం వల్లేనని చెప్పలేను. అయితే పగలు, మెలకువలో కొలిచిన నాలుక బలం పెరగడాన్ని బరువుతో గానీ మాత్రతో గానీ వివరించడం కష్టం. మొదటిసారి అదే వ్యాయామాలకు అది కదల్లేదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఏడాది తర్వాత ఆయన అడిగిన ప్రశ్న, "నాలుక బలపడింది కదా, ఇక మిషన్ ఆపేయొచ్చా?" ఆయన సమ్మతితో ల్యాబ్‌లో ఒక రాత్రి రెండు పరికరాలూ తీసేసి పరీక్షించాం. ఏహెచ్ఐ 33, ఆక్సిజన్ కనిష్ఠం 80. నా దగ్గరికి వచ్చినప్పటి 46తో పోలిస్తే తగ్గింది, ఇంకా తీవ్రమే. ఆ రిపోర్టు ఎదురుగా పెట్టుకుని మాట్లాడాం. మిషన్ ఆపితే గాయం మళ్లీ మొదలవుతుంది, ఇప్పుడు సంపాదించుకున్న బలం పోతుంది అని చెప్పాను. ఆయన ఒప్పుకున్నారు. వ్యాయామాలు వారంలో కొన్ని రోజులకు తగ్గించాం. ఆరు నెలలకోసారి నాలుక బలం, ఏడాదికోసారి మింగే ఎండోస్కోపీ, నోటి పరికరం వల్ల పళ్ల వరస మారుతోందేమో దంతవైద్యుడి దగ్గర పరీక్ష. బలం 40 కంటే కిందికి దిగితే న్యూరాలజిస్టుకు మళ్లీ చూపించి ఈఎంజీ చేయించాలని ఫైల్లో రాసి పెట్టాను.